అయిదు సంతకాల చీటీ

మేడం పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను పాలకుర్తిలో ఒక పురుగుమందుల దుకాణం ముందర, మోటార్ సైకిల్ సీటు మీద కాగితం పరుచుకుని, వంకాయ వేసిన ఒక రైతుకు చీటీ రాస్తున్నాను. ఫోన్ చేసింది మా ఆఫీసు జీపు డ్రైవరు. "సార్, మేడం పోయింది. పొద్దుగాల చాయ్ తాగి జరసేపు ఒరుగుత అన్నదట. మళ్ల లేవలే" అన్నాడు. అవతల అతను ఏడుస్తున్నాడని నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

రైతు నా మొహం చూసి "ఏమైంది సార్?" అన్నాడు. మా మేడం పోయిందని చెప్పాను.

"ఎవలు, తోటల మేడమా? అయ్యో! మా గట్టు మీద కూసోని మాతోని సద్ది తిన్నది గద సార్" అన్నాడు.

నేను ఆ చీటీని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాను. మందు సంగతి మళ్లీ వచ్చి చెప్తాను, ఇవాళ నాకు బుద్ధి నిలకడగా లేదు అన్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆమె ఒకసారి మాన్పించాక, కొలువులో ఉన్నన్నాళ్లూ అలాంటి చీటీ ఒంటరిగా రాసే సాహసం నేను చేయలేదు. ఆమె పదవీ విరమణ చేసి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో నా పాత గుణం మెల్లగా తిరిగొచ్చింది.

ఆమెను గురించి "అన్నారు, వెళ్లారు" అని రాయడమే మర్యాద. కానీ మేం ఆమెను అలా తలుచుకోలేదు ఎప్పుడూ. అమ్మను గురించి రాసినట్టే రాస్తాను, పాఠకులు మన్నించాలి.

ఆమె జనగామ ఆడబిడ్డ. వాళ్లది వ్యాపారుల కుటుంబం, స్టేషన్ దారిలో వాళ్ల నాన్నకు కిరాణా దుకాణం ఉండేది. అన్నదమ్ములంతా తరాజు పట్టుకుంటే ఈమె మామిడి అంటు పట్టుకుంది. తోటల శాస్త్రం చదివి, ఏళ్లపాటు పాఠాలు చెప్పి, చివరికి మా కేంద్రానికి పెద్ద అధికారిగా వచ్చింది. విశ్వవిద్యాలయంలో తేలిన సంగతిని రైతు గట్టు దాకా మోసుకెళ్లడం మా పని. జనగామ వైపు మామిడి, కూరగాయలు. మహబూబాబాద్ వైపు మిరప. భూపాలపల్లి వైపు అడవి అంచు పల్లెల్లో పెరటి తోటలు.

ఆమె వచ్చేనాటికి అక్కడ మేం నలుగురం ఉన్నాం. నేను పురుగుల శాస్త్రం చదివినవాణ్ణి. బంగారు పతకం వచ్చింది, దాన్ని గోడకు తగిలించుకుని దాని కిందే కూర్చునేవాణ్ణి. మట్టి పరీక్షలు చూసే పెద్దాయన్ని అందరం మట్టి సార్ అనేవాళ్లం. మొక్కల తెగుళ్లు చూసే ఒకామె ఉంది, వయసులో నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి. నాలుగో మనిషి గృహవిజ్ఞానం చదివిన అమ్మాయి. ఊళ్లలో ఊరగాయలు, ఒడియాలు నేర్పుతుంది కదా అని మేం ముగ్గురం ఆమెను లెక్కలోకే తీసుకునేవాళ్లం కాదు. ఒకే వరండాకు నాలుగు గదులు, నాలుగు తాళాలు. జీపు ఒక్కటే కాబట్టి రోజులు పంచుకున్నాం. సోమవారం నాది, బుధవారం అక్కది, శుక్రవారం మట్టి సార్‌ది. ఎవరి పొయ్యి వారిది, ఎవరి కుండ వారిది. పద్ధతి ఎంత బాగుందో అని మురిసిపోయేవాళ్లం కూడా.

మేడం వచ్చిన మొదటి ఏడాదే, మిరప పూతకొచ్చిన రోజుల్లో, నర్సింహులపేట దగ్గరి ఒక తండాలో కమ్లి అనే ఆమె తోటకు ఒకే వారంలో ముగ్గురం వెళ్లాం. ముగ్గురమూ విడివిడిగానే. కమ్లి ఎకరం నేల కౌలుకు పట్టి మిరప వేసింది. తోట నిలబడితే ఆ ఏడు తండాలోనే ఉంటారు. పోతే మొగుడూ పెళ్లామూ హైదరాబాద్‌లో మట్టిపనికి బతకపోవాలి. ఈ మాట ఆమె ముగ్గురికీ చెప్పింది. ముగ్గురం తల ఊపాం. సోమవారం నేను ఆకులు పడవలా పైకి ముడుచుకోవడం చూసి, తామర పురుగని చీటీ రాశాను. బుధవారం అక్క కొమ్మల చివర్లు ఎండడం చూసి, తెగులని రాగి మందు రాసింది. శుక్రవారం మట్టి సార్ ఆకుల్లో పసుపు చూసి, జింకు తక్కువైందని రాశాడు. మేం చెప్పింది అబద్ధం కాదు, ఆ తోటకు మూడు బాధలూ ఉన్నాయి. ఒకరు రాసిన సంగతి మరొకరికి తెలియదు, అంతే.

తర్వాతి వారం కబురొచ్చింది, కమ్లి తోట మాడిపోయిందని.

"నా మందు వల్ల మాత్రం కాదు" అన్నాను, అసలు తోటకు ఏమైందో అడగకముందే. అక్క తన గదిలోంచి అదే మాట అంది. మట్టి సార్ అయితే "జింకు ఎన్నడన్న చెట్టును కాల్చిందా?" అని వరండాలో నిలబడి అందరినీ అడిగాడు. మేడం లేచింది. మూలన ఉన్న గొడుగు తీసుకుంది. ఎండకూ వానకూ కాదు ఆ గొడుగు, కుక్కలంటే ఆమెకు చచ్చేంత భయం, అందుకు.

"నలుగురు జీపెక్కుండ్రి" అంది.

"ఇవాళ ఎవరి వారం మేడం?" అని అడిగాను, బుద్ధి లేక.

"ఇయ్యాల కమ్లి వారం" అంది.

మేం నలుగురం ఒకే బండిలో కూర్చోవడం అదే మొదటిసారి. వెనక చక్రం మీది సీటు, గుంత వచ్చినప్పుడల్లా తల పైకప్పుకు కొట్టుకునే సీటు, మేడం తీసుకుంది. ముందు సీటు ఖాళీగా ఉంచింది. తండా మొదట్లో కమ్లి ఎదురొస్తే ఆమెను అందులో కూర్చోబెట్టి, "తొవ్వ ఎరికైనోళ్లే ముంగట కూసోవాలె" అంది. తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగినా మా జీపులో ముందు సీటు రైతుదే, చక్రం మీది సీటు ఆమెదే.

తోట దగ్గర దిగాం. ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి, పూత అంతా కింద రాలి ఉంది. కమ్లి ఏడవలేదు, తిట్టలేదు. కొంగు ముడి విప్పి మూడు చీటీలు తీసింది. "నాకు సదువు రాదు సార్. దుకాణపాయన సదివి మూడు మందులిచ్చిండు. మీరు రాసిందే కొట్టిన. నేనేం తప్పు జేసిన?" అంది. గట్టు మీద కూర్చున్న ఆమె అత్త తమ భాషలో ఏదో అంది. దాన్ని కమ్లి మాకు తెలుగులో చెప్పలేదు. చెప్పకపోయినా మాకు అందింది.

మేం ముగ్గురం మళ్లీ మా పాట అందుకున్నాం. మోతాదు ఎంత వేశావు, ఖాళీ డబ్బాలు ఏవి, ఏ పూట కొట్టావు అని. ఊరగాయల అమ్మాయి మాత్రం మాతో రాలేదు. బావి దగ్గరున్న డ్రమ్ము దాకా వెళ్లి లోపలికి తొంగి చూసి, "అక్కా, మూడు మందులు ఈ డ్రమ్ములనే కలిపినవా?" అని అడిగింది.

"అవ్ చెల్లె. పంపు కొట్టేటాయన ఒక్కనాడే దొరికిండు. మూడుమాట్ల రమ్మంటె వస్తడా?" అంది కమ్లి.

డ్రమ్ము అడుగున పాలు విరిగినట్టు గడ్డలు కట్టి ఉన్నాయి. ఏది దేంతో కలుస్తుందో, ఏది విరుగుతుందో అడిగే అలవాటు మా నలుగురిలో ఆ అమ్మాయి ఒక్కదానికే ఉంది. చీటీ రాయడం వరకే మా చదువు. ఆ చీటీ డ్రమ్ములోకి దిగాక ఏమవుతుందో మేం ఎన్నడూ చూడలేదు.

"మీరు ముగ్గురు రాసింది ఒప్పే. మూడు ఒప్పులు గలిపి ఒక్క తప్పు జేసిండ్రు" అంది మేడం మాతో. తర్వాత కమ్లి దగ్గరికి వెళ్లి ఆమె చేయి పట్టుకుంది. "నీ తప్పేం లేదు కమ్లీ. చెడగొట్టింది మేము. నిలబెట్టేతందుకు గూడ మేమే వస్తం. నిలబడకపోతె ఆ మాట గూడ మేమే నీ మొకం జూసి చెప్తం, ఫోన్‌ల చెప్పం."

ఒక అధికారి రైతు ముందు తప్పు మాది అనడం నేను అంతకు ముందు వినలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. సిగ్గును అప్పట్లో నేను కోపం అనుకునేవాణ్ణి.

ఆ నెలంతా అందరం కలిసే వెళ్లాం. మంచినీళ్లు కొట్టి ఆకులు కడిగించాం, మాడిన చివర్లు తుంచాం, తడులు తగ్గించాం. మేడం చీర కుచ్చెళ్లు దోపుకుని సాళ్లలో కూర్చుని కొమ్మలు తుంచుతుంటే, బంగారు పతకం వాణ్ణి నేను గట్టు మీద నిలబడలేకపోయాను. సగం తోట చిగురించింది, సగం పోయింది. కమ్లి భర్త హైదరాబాద్ వెళ్లాడు, కమ్లి మిగిలిన సగాన్ని పట్టుకుని తండాలో ఉండిపోయింది. దీన్ని గెలుపని ఏ నివేదికలోనూ రాయొద్దని మేడం గట్టిగా చెప్పింది.

అప్పుడు వచ్చింది ఆ చీటీ పుస్తకం. మధ్యలో కార్బన్ కాగితం పెట్టి రాసే, దుకాణాల్లో ఉండే పుస్తకం లాంటిదే. ప్రతి పేజీ కింద అయిదు గీతలు కొట్టించింది. తోట దగ్గర అందరూ చూడాలి, అందరూ ఒప్పుకోవాలి, అందరూ సంతకం పెట్టాలి, రైతు చేతికి ఒక్క చీటీనే పోవాలి. ఒక్కరు ఒప్పుకోకపోయినా ఆ రోజు చీటీ లేదు. మా నలుగురి వరుస మారేది, చిట్టచివరి గీత మీద మాత్రం ఎప్పుడూ ఆమె సంతకం. ముందు తాను పెడితే మేం మొహమాటానికి పెడతామని ఆమెకు తెలుసు.

ఇది చెప్పినంత సులువుగా సాగలేదు. ఒకసారి జనగామ దగ్గరి మామిడి తోటలో, కాయ రాలడం తెగులు వల్లనా, నీళ్ల వల్లనా అని అక్కా మట్టి సారూ వాదులాడుకుంటూ ఉండిపోయారు. తోట యజమాని విని విని ఇంటికి పోయి, అన్నం తిని, ఒక కునుకు తీసి తిరిగొచ్చాడు. "ఇంక ఒడవలేదా మేడం మీ పంచాది?" అన్నాడు. మేడం చెట్టు కింద వక్కపొడి నములుతూ, "కానియ్యి బాపూ. ఈడ కొట్లాడుకుంటె నీ తోట బతుకుతది, ఆఫీసుల కొట్లాడుకుంటె మేం బతుకుతం" అంది.

మా పనిముట్లు కూడా మార్చేసింది. నా చేతికి మట్టి తీసే గొట్టం ఇచ్చింది, మట్టి సార్‌కు నా భూతద్దం ఇచ్చింది. "రోజు చూసేదే చూస్తె కండ్లు మొద్దుబారుతయి. పక్కోని పని జర చేసి చూడు, వాడు ఎందుకు మొండికేస్తున్నడో తెలుస్తది" అనేది. మట్టి సార్ సాలీడు జాతివైన నల్లులను పట్టుకుని పురుగులనీ, పురుగులను పట్టుకుని పేలనీ అనేవాడు. నాకు ప్రాణం పోయేది. కానీ ఆకు వెనక్కి తిప్పి చూడటం ఆయన నేర్చుకున్నాడు, వేరు చుట్టూ మట్టి పిడికిట పట్టి తేమ చూడటం నేను నేర్చుకున్నాను. మధ్యాహ్నం ఎవరి డబ్బా వాళ్లు విప్పకూడదని ఇంకో కట్టడి. అక్క డబ్బా నాకు, నా డబ్బా ఊరగాయల అమ్మాయికి. మట్టి సార్‌కు చక్కెర జబ్బు ఉందని మాకు తెలిసింది ఆయన డబ్బాలోని జొన్న రొట్టెల వల్లే. అంతకు ముందు ఆరేళ్లు పక్క గదిలోనే ఉన్నాం.

ఒకసారి భూపాలపల్లి పల్లెలు తిరిగి మా ఇంటికి వెళ్లాం. మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసి విశ్రాంతిలో ఉన్నాడు. మా పని ఏమిటని అడిగితే మేడం వివరంగా చెప్పింది. ఆయన నవ్వి, "గిదేం కొత్త మేడం? బాయిల ఎన్నడు ఒక్కడు దిగడు. ఒకడు పైకప్పు తట్టి చూస్తడు, ఒకడు గాలి చూస్తడు, ఒకడు కప్పు కింద కట్టె దిమ్మ పెడ్తడు. ఎవడు ఎక్కువ గాదు. ఒక్కడు చూడకుంటె అందరి మీద పడ్తది" అన్నాడు. మేడం గ్లాసు కింద పెట్టి ఆయన్ని ఆ మాట మళ్లీ చెప్పమంది. ఆ తర్వాత నేను గొప్పలకు పోయినప్పుడల్లా "మీ బాపును పిలుస్త" అని బెదిరించేది. నా చదువుకంతా మా నాన్న మాట ఎదురు నిలబడుతుందని నేను అనుకోలేదు.

అట్లని ఆమె దేవత ఏం కాదు. జీపులో గురక పెట్టేది. చేతిరాత బాగా లేకపోతే చీటీ మొహాన కొట్టేది. కూరగాయల రైతులతో మాట్లాడుతూ మాట్లాడుతూ మామిడిలోకి వెళ్లిపోయేది, ఎవరు లాగినా వెనక్కి వచ్చేది కాదు. నా పెళ్లికి అందరూ గోడ గడియారాలు ఇస్తే ఆమె కరివేపాకు మొక్క తెచ్చి పందిట్లో పెట్టి, ఎరువు ఎంత వేయాలో నా భార్యకు అక్కడే పాఠం చెప్పింది. వాళ్ల నాన్న దుకాణంలో నేర్పిన మాట ఒకటి తరచూ చెప్పేది. "ఉప్పు అడిగితె ఉప్పు కట్టి ఇచ్చుడు గాదు బిడ్డా. ఇయ్యాల ఏం వండుతున్నరవ్వా అని అడుగాలె. అప్పుడు చింతపండు యాది చేస్తవ్, మిరపకాయ యాది చేస్తవ్."

ఆమె వెళ్లిపోయాక మేం ఏమయ్యామో కూడా చెప్పాలి. ఎవరూ ఏదీ రద్దు చేయలేదు. ఫోటోలు పంపే ఫోన్లు పల్లెలకూ వచ్చాయి, రైతు ఆకు ఫోటో పంపితే నేను కూర్చున్న చోటి నుంచే మందు పేరు పంపేవాణ్ణి. అక్కకూ ఫోటో వెళ్లేది, ఆమె ఇంకోటి పంపేది. జీపులో అందరం కలిసి ఎక్కడానికి ఎప్పుడూ ఒకరికి తీరిక లేదు. ఊరగాయల అమ్మాయికి బదిలీ అయింది. మేడం అప్పుడప్పుడు ఫోన్ చేసి "అందరు మంచిగున్నరా? కలుస్తున్నరా?" అని అడిగేది. కలుస్తున్నాం మేడం అనేవాణ్ణి. ఆమెతో నేను ఆడిన అబద్ధం అదొక్కటే, కానీ చాలాసార్లు ఆడాను.

పదకొండో రోజు జనగామలో వాళ్లింటికి అందరం వెళ్లాం. బదిలీ అయిన అమ్మాయి కూడా వచ్చింది. భోజనాలయ్యాక గడప పక్కన ఎవరికి వారుగా నిలబడి, ఏం మాట్లాడాలో తెలియక ఎండను గురించి మాట్లాడుకుంటున్నాం. అప్పుడు వచ్చింది కమ్లి. రెండు బస్సులు మారి వచ్చిందట. ఫోటోకు దండం పెట్టి, చాలాసేపు చూసి, కళ్లు తుడుచుకుని మా దగ్గరికి వచ్చింది. కొంగు ముడి విప్పితే అందులో నాలుగు మిరపాకులున్నాయి.

"ఇసొంటి తానికి తేవద్దు, ఎరికే. గని మీరు అందరొక్క తాన మళ్ల ఎప్పుడు దొరుకుతరు?" అంది.

ఆకులు కొన్ని పైకి, కొన్ని కిందికి ముడిచి ఉన్నాయి. అలవాటు కొద్దీ నా చేయి జేబులోని కలం మీదికి పోయింది. అక్క కూడా తన సంచి తెరిచింది. కమ్లి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మేడం లేదని మళ్ల మూడు చీటీలు రాస్తరా సార్?"

నాకు ఆ క్షణం భూమిలోకి కుంగిపోతే బాగుండు అనిపించింది. అక్క సంచి మూసేసింది. చివరికి మట్టి సార్, "మట్టి సూడంది నేను సంతకం పెట్ట. నడువుండ్రి" అన్నాడు. ఊరగాయల అమ్మాయి చెప్పులు తొడుక్కుంది. డ్రైవరు జీపు అర తెరిచి దుమ్ము పట్టిన చీటీ పుస్తకం బయటికి తీశాడు. "పారేయబుద్ధి గాలే సార్" అన్నాడు.

కమ్లి అడగకుండానే ముందు సీట్లో కూర్చుంది. నేను అందరికంటే ముందు ఎక్కి చక్రం మీది సీట్లో కూర్చున్నాను. నర్సింహులపేట చేరేదాకా గుంత గుంతకూ తల పైకప్పుకు తగిలింది. ఇన్నేళ్లు ఆమె ఎట్లా కూర్చుందో అనుకున్నాను. ఇందులోనే గురక ఎట్లా పెట్టిందో!

తోటలో దిగేసరికి పొద్దు వాలుతోంది. భూతద్దం మట్టి సార్ తీసుకున్నాడు. ఆకు తిప్పి చూసి, "ఇవి నల్లులు, ఇవి తామర పురుగులు" అని సరిగ్గా చెప్పాడు. నేను వేరు దగ్గర మట్టి పిడికిట పట్టి, నీళ్లు ఎక్కువవుతున్నాయన్నాను. అక్క కొమ్మలు చూసి, ఇప్పుడు తెగులు లేదు, నా మందు వద్దు అంది. అమ్మాయి డ్రమ్మూ, పంపూ, కొట్టే మనిషి దొరికే రోజూ అన్నీ అడిగింది. రెండుచోట్ల వాదులాడుకుని ఒప్పుకున్నాం. చీటీ నేను రాసి చదివి వినిపించాను. నలుగురం సంతకాలు పెట్టాం. అయిదో గీత దగ్గర అందరి చేతులూ ఆగిపోయాయి.

"గీడ నేను పెడ్త. నేను ఒప్పుకుంటెనే గద మందు కొట్టేది" అంది కమ్లి. కలం తీసుకుంది. ఈ ఏళ్లలో ఆమె పేరు రాయడం నేర్చుకుందని నాకు తెలియదు. పలుగుతో నేల పొడిచినట్టు గట్టిగా ఒత్తి రెండక్షరాలూ పెట్టింది.

పై చీటీ చింపి ఆమెకు ఇచ్చాను. కింది నకలు తీయబోతుంటే కార్బన్ కాగితం చేతికి వచ్చింది. పాతది, ఎన్నో చీటీలు చూసింది. వాలుతున్న ఎండకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. సిరా పోయిన చోటల్లా సన్నని గీతలుగా వెలుతురు వస్తోంది. మందుల పేర్లు ఒకదాని మీద ఒకటి పడి చదవడానికి రావడం లేదు. అడుగున, అయిదో గీత ఉండే చోట మాత్రం, ఒకే సంతకం ఒకే జాగాలో అన్నిసార్లు పడి కాగితం దాదాపు తెల్లబడిపోయింది. ఆ తెలుపుకు అడ్డంగా, అప్పుడే గట్టిగా ఒత్తడంతో గాడిపడిన కమ్లి రెండక్షరాలు.